సోమవారం స్నానం

మార్చి 8, శనివారం. ఒసాకా.

ఇది ఇప్పుడే రాయాలి. గురువారం నుంచి ఒకే మాట, సోమవారం నాకేమీ కనబడలేదని, నలుగురికి చెప్పాను. నాలుగోసారి చెప్పేటప్పుడు గొంతు తడబడలేదు. ఇంకో రెండుసార్లు చెబితే నేనే నమ్మేస్తాను. నమ్మకముందే రాసి పెట్టుకోవాలి.

కాయిన్ లాండ్రీలో కూర్చుని రాస్తున్నాను. గదిలో రాస్తే దోర్కా చూస్తుంది. ఈ మహానగరంలో నా తెలుగు చదవగలిగేది, నాకు తెలిసి, దోర్కా ఒక్కతే. ఇద్దరం ఖరగ్‌పూర్ తెలుగు బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని నేర్చుకున్న అక్షరాలు ఇవి. మా ఇంట్లో అక్షరం వచ్చిన మొదటి మనిషిని నేను.

జరిగింది ఇది. మేం పనిచేసే వృద్ధుల హోంలో ఒక్కొక్కరికి వారానికి రెండు స్నానాలు. హమదా సాన్‌కి, అంటే హమదా గారికి, సోమవారం నేను చేయిస్తాను, గురువారం దోర్కా. స్నానం చేయించేటప్పుడు ఒళ్లంతా చూడాలి. వీపు, చంకలు, మడమలు, అన్నీ. ఎక్కడైనా కమిలినా గీసుకున్నా, కాగితం మీద మనిషి బొమ్మ ఉంటుంది, అందులో ఆ చోట గుర్తు పెట్టాలి. ఏమీ లేకపోతే 'మార్పు లేదు' అన్న గడిలో టిక్కు. సోమవారం నేను టిక్కు పెట్టాను. గురువారం దోర్కా చొక్కా విప్పేసరికి ఆయన ఎడమ చేతి మీద, మోచేతికీ భుజానికీ మధ్య, మూడు నల్లటి చారలు. దోర్కా బొమ్మ మీద మూడు గీతలు గీసి, కింద సంతకం పెట్టి, మేనేజరు నిషిమురా సాన్‌కి తానే తీసుకెళ్లి ఇచ్చింది.

సోమవారం లేవు. గురువారం ఉన్నాయి. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే ఎవరికైనా అర్థమయ్యేది ఒకటే, అది దోర్కా చేతిలోనే జరిగిందని.

సోమవారం స్నానాల గదిలో ఆయన నన్ను కొట్టాడు. పిడికిలి బిగించి, దవడ మీద. ఎనభై మూడేళ్ల మనిషి, మతి నిలవదు. కానీ నలభై ఏళ్లు ఇనప కార్ఖానాలో సుత్తి పట్టిన చేయి. కళ్లు బైర్లు కమ్మాయి. నోట్లో ఉప్పగా తగిలింది. నేను ఆయన చేయి పట్టుకుని ఆపాను.

అంతే.

మార్చి 9, ఆదివారం

సెలవు. ఇంకా కుడి పక్కనే నములుతున్నాను. వాపు తగ్గలేదని దోర్కా గడ్డకట్టిన బఠాణీల పొట్లం గుడ్డలో చుట్టి దవడకి పెట్టి మళ్లీ అడిగింది.

"ఏటే ఇది? ఆ తాత కొట్టినాడా?"

"కాదు. అలమర తలుపు తగిలింది."

"అక్కడ మీ అమ్మకీ తలుపే, ఇక్కడ నీకూ తలుపే. మీ ఇంటి ఆడోళ్లకి ఏ దేశమెళ్లినా తలుపులు ఎంటపడతాయేటే?"

నవ్వింది. నేనూ నవ్వాను. గట్టిగా నవ్వామేమో, అవతలి గది నుంచి గోడ మీద ధన్ ధన్ ధన్ మని మూడు గుద్దులు. ఏడాదిన్నరగా ఈ గదిలో ఉంటున్నాం. ఆ పిడికిలి తెలుసు కానీ దాని ముఖం ఎప్పుడూ చూడలేదు. దోర్కా గోడ వైపు తిరిగి నడుం వంచి దండం పెట్టి, తప్పయిపోయిందని రెండు భాషల్లో చెప్పింది. "సుమిమాసెన్, దాదా. భూల్ హో గయా."

దోర్కా దేన్నయినా ఇలాగే దాటుతుంది. రైల్లో మా పక్క సీటు ఖాళీగా ఉండిపోతుంది, జనం నిలబడతారు గానీ కూర్చోరు. నాకు ఒళ్లు మండుతుంది. అది బ్యాగు తీసి ఆ సీట్లో పెట్టి, "రిజర్వేషన్ బోగీ మనకి, టీటీ కూడా రాడు," అంటుంది. చెత్త తప్పు రోజున బయట పెడితే సంచికి ఎర్ర కాగితం అంటించి అక్కడే వదిలేస్తారు. కాకులు దాన్ని చీల్చి చేపముళ్లు రోడ్డంతా లాగుతాయి. దారినపోయేవాళ్లు మా గుమ్మం వైపు చూసి ముఖం తిప్పుకుంటారు. నోరు విప్పి ఒక్కరూ తిట్టరు. తిడితే తిరిగి తిట్టొచ్చు. నేను ఏడాదిన్నరగా ఎవరినీ ఏమీ అనలేదు. అన్నీ లోపలికే పోయాయి.

హమదా సాన్ కొట్టాడని ఎందుకు చెప్పలేదంటే, చెబితే తరవాత ప్రశ్న ఉంటుంది. అప్పుడు మీరేం చేశారు అని.

మార్చి 11, మంగళవారం

చారల గురించి ఆఫీసులో దోర్కాని రెండు గంటలు అడిగారు. నన్ను పది నిమిషాలు.

మార్చి 13, గురువారం

నిషిమురా సాన్ నాకు టీ పోసి ఇచ్చింది. రెండు కాగితాలూ బల్ల మీద సమానంగా సర్దింది. "ఇందు సాన్, సోమవారం మీరు చూసినప్పుడు చారలు లేవు కదా?"

లేవు అన్నాను.

అబద్ధం కాదు. సోమవారం నల్లగా లేవు.

ఎర్రగా ఉన్నాయి.

దోర్కాని స్నానాల పని నుంచి తీసేశారు. దాని గురువారం కూడా నాకే ఇచ్చారు, నమ్మకం ఉంది కాబట్టి. ఈ మధ్యాహ్నం హమదా సాన్‌ని కుర్చీలో కూర్చోబెట్టి వేణ్ణీళ్లు పోశాను. నీళ్లంటే ఆయనకి ఇష్టం. ఏదో పాట గొణుగుతూ ఉన్నాడు. వీపు తోమడానికి బ్రష్ తీశాను. చెక్క పిడి ఉన్న బ్రష్. పాట ఆగిపోయింది. రెండు చేతులూ ఎత్తి తలకి అడ్డం పెట్టుకుని, మెడ లోపలికి లాక్కుని, ముడుచుకుపోయాడు.

నా పేరు ఆయనకి గుర్తుండదు. పొద్దున తిన్నది గుర్తుండదు. చేతులకి గుర్తుంది.

బ్రష్ కింద పెట్టాను. అరచేత్తో తోమాను. ఆయన ఒళ్లు వణుకుతూనే ఉంది.

మార్చి 15, శనివారం

లాండ్రీలో నేనొక్కదాన్నే. రాసేస్తాను.

ఆయన నా దవడ మీద కొట్టగానే నేను ఆయన చేయి పట్టుకోలేదు. చేతిలో బ్రష్ ఉంది. తిప్పి పట్టుకుని పిడితో కొట్టాను. మూడుసార్లు. మొదటిది నొప్పికి. రెండోది కోపానికి. మూడోది దేనికో తెలియదు. రెండో దెబ్బకే ఆయన చేయి దించేశాడు. అది చూశాను. చూసి కొట్టాను.

అప్పుడే ఊళ్లో ఐదు గంటల చైమ్ మోగింది. పార్కుల్లో ఆడుకునే పిల్లల్ని ఇళ్లకి పొమ్మని రోజూ మోగిస్తారు, మెత్తటి పాట. అది వినగానే నా చేయి దిగింది. ఒళ్లు తుడిచి, బట్టలు తొడిగి, జుట్టు దువ్వి, కాగితం తీసుకుని టిక్కు పెట్టాను. ఏమీ జరగనట్టు ఎలా చేయగలిగానా అని ఇన్ని రోజులూ ఆలోచించాను. ఆలోచించక్కర్లేదు. చిన్నప్పటి నుంచి రోజూ చూసిందే. మా నాన్న తవిటయ్య పొద్దున్నే మా అమ్మని కొట్టేవాడు. రైల్వే వర్క్‌షాప్ సైరన్ కూయగానే ఆపేవాడు. అమ్మ లేచి, కొంగుతో ముక్కు తుడుచుకుని, టిఫిన్ క్యారేజీ అందించేది. ఆయన సైకిలెక్కేవాడు. సైరన్ కూశాక మా ఇంట్లో ఏదీ జరిగి ఉండేది కాదు.

ఈరోజు దోర్కా చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, 'నా ఇష్టపూర్వకంగా మానుకుంటున్నాను' అని. పెట్టకపోతే పోలీసులకి చెప్తామన్నారట. 20న టికెట్.

గదికి వచ్చి పెట్టె సర్దుకుంటూ అడిగింది. "ఒలే, సోమారం నువ్వేటైనా సూసినావా?"

"లేదు."

పెట్టె మూసి జిప్పు లాగింది. "సరే. సూస్తే నువ్వు సెప్పేదానివే."

మార్చి 20, గురువారం

విమానాశ్రయం దాకా వెళ్లాను. రైల్లో మా పక్క సీటు ఖాళీగానే ఉంది. దోర్కా బ్యాగు పెట్టలేదు.

సెక్యూరిటీ గేటు దగ్గర ఆగింది. నా ముఖం చూసింది. చాలాసేపు చూసింది. "ఏటైనా సెప్పాలా?" అంది.

"జాగ్రత్తగా వెళ్లు," అన్నాను.

మార్చి 31, సోమవారం

హమదా సాన్ చేతి మీద చారలు పసుపు రంగుకి వచ్చి పోయాయి. అరచేత్తో తోమితే మళ్లీ పాడుతున్నాడు. 'మార్పు లేదు.' టిక్కు పెట్టాను.

ఏప్రిల్ 10, గురువారం. ఖరగ్‌పూర్.

జనవరిలోనే తీసుకున్న టికెట్. మూడు వారాల సెలవు. 27న తిరుగు ప్రయాణం.

పొద్దున్న అమ్మ రొట్టెలు కాలుస్తోంది. నాన్న బనియన్ అడిగాడు. అమ్మ వినలేదు. మళ్లీ అడిగాడు. వినలేదు. ఎడమ చెవి పోయి ఏడాదయిందట, నాకు ఫోన్లో ఎప్పుడూ చెప్పలేదు. నాన్న లేచి అదే చెవి మీద కొట్టాడు. అమ్మ పొయ్యి మీదకి తూలింది. మోచేయి పెనానికి అంటుకుంది. చర్మం కాలిన వాసన వచ్చింది. రెండోసారి చేయి ఎత్తాడు.

నేను వెళ్లి ఆ చేయి పట్టుకున్నాను. ఇన్నేళ్లలో మొదటిసారి.

"వదులమ్మా," అన్నాడు నాన్న. కోపం కూడా లేదు. "నాలుగు డబ్బులు పంపినావని నాకే సెప్పడానికొచ్చినావా? ముసలోడిని సావగొట్టి వొచ్చేసినాది మీ జట్టుపిల్ల. జపాన్లో ఇదేనా నేర్పినారు మీకు?"

పట్టు వదిలేశాను. ఆయన బలంగా లాక్కున్నాడని కాదు. అప్పుడే సైరన్ కూసింది. అమ్మ కాలిన చేత్తోనే క్యారేజీ అందించింది.

తరవాత ఆ చేతిని నీళ్ల కింద పెట్టి పట్టుకున్నాను. "దోర్కా అలగ సేసినాదా నిజంగా?" అంది అమ్మ. "నువ్వక్కడే ఉన్నావు గదా."

వినపడనట్టు ఉన్నాను. చెవులు బాగానే ఉన్నాయి.

ఏప్రిల్ 12, శనివారం

గోల్‌బజార్లో చేపల దగ్గర నిలబడ్డాను. మా వీధి ఆవిడ పక్కకి వచ్చి గొంతు తగ్గించి చెప్పింది. దోర్కాని వాళ్లన్న తీతు గొడుగు కర్రతో కొట్టాడట. మణికట్టు విరిగిందట. ఇక్కడ ఒక నర్సింగ్ హోంలో ఉద్యోగం ఇస్తామన్నవాళ్లు జపాన్‌లో వాకబు చేసి, సంగతి తెలిసి వద్దన్నారట. ఆ రోజే తీతు కొట్టాడట. ఆవిడ చెప్తూనే ఒక జల్ల చేప తోక పట్టుకుని బరువు చూసింది. చేపలమ్మే ఆయన కత్తిపీట మీద తల తెగ్గొట్టాడు. నా చెప్పుల మీద నెత్తురు చిందింది.

రేపు వెళ్తాను.

ఏప్రిల్ 13, ఆదివారం

మట్టల ఆదివారం, ఈస్టర్‌కి ముందు ఆదివారం. ఝపటాపూర్‌లో దోర్కా వాళ్ల గుమ్మానికి ఖర్జూరపు మట్ట కట్టి ఉంది. వాళ్లమ్మ జ్ఞానరత్నమ్మ తలుపు తీసి, నన్ను చూసి, లోపలికి రమ్మనకుండా పక్కకి తప్పుకుంది.

దోర్కా మంచం మీద కూర్చుని ఉంది. కుడి చేతికి మోచేతి దాకా సిమెంటు కట్టు. ఎడమ కంటి కింద ఆకుపచ్చగా కమిలింది. ఆ రంగుకి ఎన్ని రోజులు పడుతుందో నాకు తెలుసు.

నిలబడే చెప్పాను. "నేనే కొట్టాను దోర్కా. సోమవారం. బ్రష్ పిడితో."

"తెలుసు," అంది.

వెనక గోడకి ఆనుకున్నాను.

"ఆ పిడి ఎంత ఎడల్పో నాకు తెలీదేటే? దాంతోనే గదా ఏడాదిన్నర తోమినాను. నీ దవడ వాచి ఉంది. సోమారం నీ వంతు. ఇందులో లెక్కలేటున్నాయి?"

"మరి తెలిసి ఎందుకు గీశావు ఆ గీతలు? నువ్వూ టిక్కు పెట్టేస్తే పోయేది కదా."

"ఉన్నాయి గదా. ఉన్నవి గీయాల. మనకదే గదా నేర్పినారు." కట్టు లోపల దురద పుట్టినట్టుంది, ఈనెపుల్ల దూర్చి గోక్కుంది. "నువ్వే సెప్తావనుకున్నాను. గేటు కాడ దాకా అనుకున్నాను. సెప్పమని కూడా అడిగినాను."

"నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"నా నోటితో నేను సెప్తే, తప్పించుకోడానికి జట్టుపిల్ల మీద ఏసినాదంటారు. నువ్వు సెప్తేనే అది సెప్పినట్టు."

తీతు ఎప్పుడు వచ్చాడో చూడలేదు. గుమ్మంలో నిలబడి విన్నాడు. ఒక్క అంగలో వచ్చి నా జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. రెండోసారి కొట్టాడు. చెవిలో హోరు. జ్ఞానరత్నమ్మ అరుస్తోంది. "నీవల్ల నా సెల్లిని నా సేత్తో ఇరగ్గొట్టుకున్నాను గదే," అంటున్నాడు తీతు. ఏడుస్తున్నాడు, కొడుతున్నాడు. నేను చేతులు అడ్డం పెట్టుకోలేదు. పెట్టుకోకూడదనుకున్నాను. మూడోసారి నా తల వెనక్కి లాగేసరికి వాటంతట అవే లేచాయి. రెండు చేతులూ తల మీదకి, మెడ లోపలికి. హమదా సాన్ లాగే.

దోర్కా లేచి సిమెంటు కట్టుతో వాడి ముంజేతి మీద ఒక్కటి వేసింది. వాడు వదిలేశాడు. దోర్కా కూడా నొప్పికి ముడుచుకుపోయింది.

"సాలురా. మొన్న నన్ను కొట్టినావు, ఇయాల దాన్ని కొట్టినావు. రేపు ఎవుల్ని ఎతుకుతావు?"

తీతు గోడకి జారబడి కూర్చున్నాడు. నా నెత్తురు వాడి గోళ్లలో ఉంది. జ్ఞానరత్నమ్మ తడిగుడ్డ తెచ్చి, ముందు వాడికివ్వాలో నాకివ్వాలో తెలియక మధ్యలో నిలబడింది.

"క్షమించమని అడగడానికి..." అన్నాను.

"అది నాకొద్దు," అంది దోర్కా. "బజారంతా కాగితం అడుగుతాది. నర్సింగ్ హోం వాళ్లు కాగితం అడుగుతారు. నీ సారీ తీసికెళ్లి ఆళ్లకి సూపించాలా? రాయి. ఎవులికి రాయాలో ఆళ్లకి రాయి. ఆళ్ల కాడి నుంచి నా పేరు మీద కాగితం రావాల. ఇంగ్లీషులో రావాల, మా తీతు సదవాల."

గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అంది. "ఏదైనా మందు రాసుకో తలకి. తలుపు తగిలినాదని సెప్పకు ఇంటికెళ్లి."

చెప్పలేదు. తీతు కొట్టాడు, ఎందుకు కొట్టాడంటే ఇందుకు, అని అమ్మకి పూర్తిగా చెప్పాను. కుడి చెవి వైపు కూర్చుని చెప్పాను.

ఏప్రిల్ 15, మంగళవారం

ఉత్తరం ముందు ఇక్కడ తెలుగులో రాసుకుంటున్నాను. సాయంత్రం జపనీసులోకి మార్చి పంపాలి. జపనీసులో ముందే మొదలుపెడితే అన్నీ మర్యాద మాటలే వస్తాయి, జరిగింది వాటి వెనక్కి పోతుంది.

అమ్మకి చదివి వినిపించాను. "మూడుసార్లని ఎందుకు రాయడం? కొట్టినానని రాస్తే సాలదా?" అంది.

"మూడేనమ్మా."

మోచేతి మీది బొబ్బకి వెన్న రాసుకుంది. "నేనెప్పుడూ లెక్కెట్టలేదు," అంది. వెన్న గిన్నె పక్కన పెట్టి, "నీ ఉద్యోగం పోతాది గదా?" అంది.

"పోవచ్చు."

"పోలీసులు?"

"రావచ్చు."

"అయితే మీ నాన్న ఇంట్లో లేనప్పుడు పంపు. సైరన్ కూసినాక పంపు."

లేదు, ఆయన ఉన్నప్పుడే పంపుతాను. ఎదురుగా కూర్చుని ఆయనకీ చదువుతాను. ఇది రాయడం తేలిక. చేస్తానో లేదో రేపు ఇక్కడే తెలుస్తుంది.

ఉత్తరం:

నిషిమురా సాన్‌కి,

మార్చి 3, సోమవారం, సాయంత్రం ఐదింటికి కొంచెం ముందు, స్నానాల గదిలో హమదా సాన్ నన్ను దవడ మీద ఒకసారి కొట్టారు. నేను ఆయన్ని బ్రష్ పిడితో ఎడమ చేతి మీద మూడుసార్లు కొట్టాను. మూడోసారి కొట్టేటప్పటికి ఆయన చేయి దించేసి ఉన్నారు. చర్మం ఎర్రబడడం చూశాను. చూసి కూడా 'మార్పు లేదు' అన్న గడిలో టిక్కు పెట్టాను. ఆ టిక్కు అబద్ధం.

మార్చి 13న మీరు అడిగినప్పుడు చారలు లేవని చెప్పాను. అదీ అబద్ధం.

మార్చి 6, గురువారం దోర్కా తాను చూసింది చూసినట్టు గీసింది. ఆ కాగితాల్లో నిజం ఉన్నది దాని కాగితం ఒక్కదానిలోనే. మీరు దోర్కాని పంపేశారు, నన్ను ఉంచారు.

ఈ ఉత్తరం హమదా సాన్ కూతురికి చూపించండి. ఆవిడ ఏం అడిగినా జవాబు చెప్తాను. ఆయనకి చెక్క పిడి ఉన్న బ్రష్ ఇక వాడకండి. దాన్ని చూస్తే ఆయన భయపడతారు. అరచేత్తో తోమితే పాడతారు.

నా విమానం 27న. మీరు రమ్మంటే వచ్చి, మీరు ఎవరి ముందు చెప్పమంటే వాళ్ల ముందు ఇదే చెప్తాను. రావద్దంటే ఇక్కడి నుంచే సంతకం చేసి పంపుతాను.

దోర్కా ఏ తప్పూ చేయలేదని ఇంగ్లీషులో, సంతకం పెట్టి, ముద్ర వేసి ఒక ఉత్తరం కావాలి. ఝపటాపూర్ చిరునామా కింద రాశాను. ముందు స్కాన్ చేసి పంపండి, అసలుది పోస్టులో వేయండి. ఏప్రిల్ 24, గురువారం లోగా జవాబు రాయండి. గురువారం దోర్కా వంతు. నాకు జవాబు ఆలస్యమైనా ఫరవాలేదు, ముందు దానికి రాయండి.